ఏట్లో చేప బతికితేనే చేనుకు నీళ్లు

(ఉమ్మడి కర్నూలు, కడప జిల్లాల రైతు సంఘం కార్యకర్తల శిక్షణ తరగతుల్లో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట మాకు అప్పగించిన విషయం నదులు, వాటిలోని చేపలు. ఈ మాట వినగానే వెనక వరసలో కొందరు నవ్వుకున్నారు. మద్దతు ధర గురించి, పంటల బీమా గురించి, బోర్ల కరెంటు గురించి మాట్లాడుకోవాల్సిన చోట చేపల ఊసెందుకని అనిపించడం సహజమే. మన సీమలో తాగడానికే నీళ్లు కరువు, చేపకెక్కడివి అనీ అంటారు. ఆ ప్రశ్నకే సమాధానం చెప్పుకుందాం. చేపకు నీళ్లు లేకుండా పోయిన చోటల్లా నాలుగైదేళ్లు తిరక్కముందే రైతుకూ లేకుండా పోతున్నాయి. చేప మనకన్నా ముందు చచ్చిపోతుంది, అంతే తేడా. దాని చావు మనకొచ్చే నోటీసు. ఆ నోటీసు చదవడం నేర్చుకోవాలి.

ఏటికి ఎదురెక్కే చేప

అమెరికా, కెనడా పడమటి తీరంలో సాల్మన్ అనే చేప ఉంది. కొండల్లోని చిన్న వంకలో గులకరాళ్ల మధ్య గుడ్డులోంచి పుడుతుంది. పిల్లగా ఉండగానే నది వెంట దిగి సముద్రంలోకి పోతుంది. అక్కడ కొన్నేళ్లు పెరిగి, మళ్లీ తాను పుట్టిన ఏటినే వెతుక్కుంటూ ప్రవాహానికి ఎదురెక్కి వస్తుంది. పుట్టిన చోటనే గుడ్లు పెడుతుంది. పసిఫిక్ సాల్మన్ రకాల్లో చాలా వరకు అక్కడే చచ్చిపోతాయి కూడా. అంటే ఆ చేప బతకాలంటే ఒక్క మడుగు బాగుంటే చాలదు. కొండ నుంచి సముద్రం దాకా ఏరంతా బాగుండాలి. ఎక్కడ గోడ కట్టినా, ఎక్కడ నీరు తెగినా దాని కథ ముగిసినట్టే.

మనకు ఇలాంటి చేప లేదా? ఉంది. కోస్తావాళ్లు పుస్తెలమ్మి అయినా తినాలనే పులస అటువంటిదే. సముద్రంలో ఉన్నన్నాళ్లు అది ఇలస. గోదావరికి ఎర్రనీరు వచ్చే రోజుల్లో గుడ్లు పెట్టడానికి నదిలోకి ఎదురెక్కితే పులస. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక దాని దారి అక్కడికే ఆగింది. కృష్ణ మీద బెజవాడ దగ్గర 1855లో కట్టిన ఆనకట్ట, తర్వాత వచ్చిన బ్యారేజీ అక్కడి దారి మూశాయి. గంగ మీద ఫరక్కా బ్యారేజీ 1975లో మొదలయ్యాక అలహాబాదు దాకా పోయే ఇలస ఆగిపోయింది. ఫ్రాన్సిస్ డే అనే చేపల శాస్త్రవేత్త 1873లోనే ప్రభుత్వానికి నివేదిక ఇచ్చాడు. ఆనకట్టలు చేపలను ఎదురెక్కనివ్వడం లేదు, వాటికి దారులు పెట్టాలి అని చెప్పాడు. నూట యాభై ఏళ్లు దాటింది. ఆ మాట కాగితం మీదే ఉంది.

మన ఏట్లలో చేపలు సముద్రం దాకా పోయేవి తక్కువ. మలుగు మాత్రం పాములా ఉండి, సాల్మన్‌కు తిరగబడి నడుస్తుంది. ఏట్లో పెరిగి, గుడ్లు పెట్టడానికి సముద్రానికి దిగుతుంది. దాని పిల్లలు మళ్లీ నదులెక్కి రావాలి. పెన్నలో అలా రావాలంటే నెల్లూరు, సంగం, సోమశిల అడ్డాలన్నీ దాటాలి. మిగతావి, అంటే పరిగెలు, జెల్లలు, వాలుగలు, కొరమీన్లు, మార్పులు, ఇంత దూరం పోవు. అయినా వాటికీ ప్రయాణం ఉంది. ఎండాకాలంలో ఏరు తెగిపోతే లోతు మడుగుల్లో తలదాచుకుంటాయి. తొలకరి కొత్తనీరు రాగానే చాలా రకాలు వంకల్లోకి, చెరువు మరవల మీదికి, ఒక్కోసారి మన వరిమళ్లలోకే ఎదురెక్కి గుడ్లు పెడతాయి. మరవ పారిన రాత్రి బుట్టలు తీసుకుని పోయిన ఊళ్లు మనవి. ఆ ప్రయాణం రెండు మూడు మైళ్లదే కావచ్చు. సాల్మన్‌కు పసిఫిక్ ఎంతో, మన పరిగెకు ఆ వంక అంత.

మన ఏట్లు ఏ స్థితిలో ఉన్నాయి

ముందు మన నీళ్ల పటం ఒకసారి గుర్తు చేసుకుందాం. ఉత్తరాన తుంగభద్ర. కర్నూలు పట్నం దగ్గర దానిలో కలిసే హంద్రి. ఎర్రమలల్లో పుట్టి నంద్యాల, కోయిలకుంట్ల మీదుగా కడప జిల్లాకు దిగే కుందూ. నంది కొండల్లో పుట్టి 597 కిలోమీటర్లు పారే పెన్న. దానికి కుడివైపున చిత్రావతి, పాపఘ్ని, చెయ్యేరు. ఎడమవైపున కుందూ, సగిలేరు. వీటిలో ఏడాది పొడుగునా పారేది ఒక్కటీ లేదు. పాత రోజుల్లోనూ పెన్న ఎండేది. అప్పుడు పైన ఎండినా కింద ఇసుకలో నీళ్లుండేవి. చెలమ తీస్తే మోచేతి లోతులో ఊరేవి. ఊట కాలువలు తవ్వి పొలాలు పారించుకున్న ఊళ్లు పాపఘ్ని, చెయ్యేరు, పెన్న గట్ల మీద ఎన్నో ఉన్నాయి.

ఇసుక అంటే నీళ్ల తొట్టి. ఒక లెక్క వేసి చూడండి. 1 కిలోమీటరు పొడవు, 200 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల లోతు ఇసుక ఉన్న ఏరు అనుకుందాం. మొత్తం 6 లక్షల ఘనపు మీటర్ల ఇసుక. అందులో ఐదో వంతు నీరు మనకు అందుతుందనుకున్నా 1 లక్షా 20 వేల ఘనపు మీటర్లు, అంటే 12 కోట్ల లీటర్లు. తడికి రెండు అంగుళాల చొప్పున దాదాపు 100 ఎకరాల వేరుశనగకు ఆరు తడులు. ఆవిరి నష్టం తక్కువ, కరెంటు మోటారు ఖర్చు తక్కువ, భూసేకరణ లేదు, ముంపు లేదు. ఆ తొట్టిని టిప్పర్లలో ఎత్తి పంపించేశాక అదే నీరు కోసం 800 అడుగుల బోరు వేస్తున్నాం. అందులోనూ పడుతుందన్న నమ్మకం లేదు.

ఇసుక పోయిన ఏట్లో చేపకూ అదే గతి. ఇసుక మేట ఉన్నన్నాళ్లు మడుగులోకి ఊట దిగుతూ ఉండేది. మే నెలలో కూడా మడుగు ఆరేది కాదు. విత్తనపు చేప అక్కడ బతికి తొలకరికి బయటికొచ్చేది. ఇసుక తోడేస్తే ఊట తెగుతుంది. తవ్విన గుంతల్లో ఉన్న కాసిని నీళ్లూ ఎండకు ఆవిరవుతాయి. మడుగు ఆరిన ఏడాదే ఆ పట్టునున్న బావులు అడుగంటుతాయి. అందుకే చేప మనకు నోటీసు అన్నాం.

చట్టం లేక కాదు. 2002లో వచ్చిన వాల్టా చట్టం కింద నియమాలున్నాయి. వంతెనలు, ఆనకట్టలు, తాగునీటి బావుల వంటి వాటికి 500 మీటర్ల లోపల ఇసుక తవ్వకూడదు. చిన్న తవ్వకాలకు కూడా పర్యావరణ అనుమతి తప్పదని 2012 ఫిబ్రవరి 27న దీపక్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రభుత్వాలు మారినప్పుడల్లా ఇసుక విధానం మారుతోంది. ఇసుక ఎవరికి అమ్మాలి, ఎంతకు అమ్మాలి అన్న దాని మీదే చర్చ. ఏట్లో ఎంత ఉంచాలి అన్న చర్చ ఏ విధానంలోనూ ముందు వరసలో లేదు.

నాలుగు గోడలు

కేసీ కెనాల్ మనందరికీ అమ్మ లాంటిది. 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ పడవలు నడపడానికీ, సేద్యానికీ కలిపి తవ్వించింది. గిట్టుబాటు కాక 1882లో ప్రభుత్వానికి అమ్మేసింది. సుమారు 300 కిలోమీటర్ల పొడవు, 2 లక్షల 65 వేల ఎకరాల ఆయకట్టు, 39.9 టీఎంసీల కేటాయింపు. ఈ కాలువకు నీళ్లు మళ్లించేవి నాలుగు ఆనకట్టలు. తుంగభద్ర మీద సుంకేసుల, కుందూ మీద సంతజూటూరు, రాజోలి, పెన్న మీద ఆదినిమ్మాయపల్లె. మనకు అన్నం పెట్టిన గోడలవి. వాటిని తొలగించమని ఈ సంఘం ఎన్నడూ అడగదు. కానీ ఆ నాలుగింటిలో చేపకు దారి ఎక్కడుంది? కాలువ కట్టిన తెల్లవాడికి ఆ ఆలోచన లేదు సరే. తర్వాత మరమ్మతులు జరిగాయి. సుంకేసుల బ్యారేజీ అయింది. 2009 అక్టోబరు వరదలో అది దెబ్బతింటే బాగు చేశారు. ఇన్నిసార్లు సిమెంటు పోసిన చోట చేప కోసం పక్కన మెట్ల కాలువ ఒకటి కట్టడం పెద్ద ఖర్చా? ఇకనైనా ఏ ఆనకట్టకు అంచనాలు వేసినా ఆ పద్దు అందులో ఉండాలని అడుగుదాం.

అంతకన్నా సులువైన పని ఇంకోటుంది. దానికి రూపాయి ఖర్చు లేదు. తొలకరికి మొదటి కొత్తనీరు వచ్చినప్పుడు ఆనకట్ట అడుగు గేట్లు కొద్ది రోజులు తెరిచి ఉంచాలి. ఆ మొదటి నీళ్లు ఎలాగూ బురద నీళ్లు. వాటిని కాలువలోకి మళ్లిస్తే పూడిక మన కాలువలోనే పడుతుంది. వాటిని ఏట్లోకి వదిలితే కింద మడుగులు నిండుతాయి, చేప పైకి ఎక్కుతుంది, కాలువ శుభ్రంగా ఉంటుంది. ఇది రైతుకు నష్టం లేని ఏర్పాటు. మన సాగునీటి సలహా మండలి సమావేశాల్లో ఈ మాట లేవనెత్తింది ఎప్పుడు? ఇకముందు లేవనెత్తుదాం.

నదిలో కనీస ప్రవాహం ఉండాలన్న మాట కొత్తది కాదు. కృష్ణా జలాల మీద బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్ 2010లో ఇచ్చిన తీర్పులో కనీస ప్రవాహాల కోసమే 16 టీఎంసీలు పక్కన పెట్టింది. ఆ తీర్పు ఇంకా అమల్లోకి రాలేదు, దానిమీద రాష్ట్రాల తగాదాలు వేరే. కానీ నదికీ ఒక వాటా ఉంటుందన్న సంగతి ట్రిబ్యునల్ ఒప్పుకుంది. రాయలసీమ వాటా కోసం పోరాడే మనం మన ఏటి వాటా కూడా కలిపి అడగాలి. రెండూ ఒకే పోరాటం.

పైనుంచి వచ్చేది నీళ్లొకటే కాదు

తుంగభద్ర డ్యాంలో 1953లో నీరు నిలపడం మొదలుపెట్టినప్పుడు దాని సామర్థ్యం సుమారు 133 టీఎంసీలు. ఇప్పుడు సుమారు 105. పోయిన 28 టీఎంసీలు ఎక్కడికి పోయాయి? మట్టి రూపంలో డ్యాం అడుగున ఉన్నాయి. మన కేసీ కెనాల్ మొత్తం కేటాయింపులో మూడింట రెండు వంతులకు పైగా విలువైన చోటును మట్టి మింగేసింది. ఆ మట్టి ఎక్కడిది? పైన కొట్టేసిన అడవులది, గట్టు లేని పొలాలది, తవ్వి వదిలేసిన గనులది. 2024 ఆగస్టు 10 రాత్రి ఆ డ్యాం 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోతే మనమంతా నిద్రలేకుండా కూర్చున్నాం. గేటు పోతే ఒక్క రాత్రిలో కనబడుతుంది. మట్టి చేరేది డెబ్బై ఏళ్లు. అందుకే అది ఎవరికీ కనబడదు.

కడప అన్నలకు చెయ్యేరు సంగతి చెప్పనక్కర్లేదు. 2021 నవంబరు 19న పింఛ కట్ట తెగి, దాని వెంట అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట లాంటి ఊళ్లు ఏమయ్యాయో చూశాం. ప్రాణాలు పోయాయి. పొలాల మీద ఇసుక మేటలు వేసింది. ఏటిలో ఉండాల్సిన ఇసుక చేలోకొచ్చింది. చేలో ఉండాల్సిన మట్టి డ్యాముల్లోకి పోతోంది. ఏ వస్తువు ఉండాల్సిన చోట లేకపోవడమే మన కరువుకూ, మన వరదకూ కారణం.

అందుకే పరీవాహకం మొత్తం చూడాలి. అంటే కొండ మీద పడిన చినుకు ఏ దారిన నడిచి ఏట్లో కలుస్తుందో ఆ నేలంతా. 1994లో హనుమంతరావు కమిటీ సిఫారసుల మీద వాటర్‌షెడ్ పథకాలకు కొత్త మార్గదర్శకాలు వచ్చాయి. అప్పటి నుంచి మన జిల్లాల్లో ఎన్ని చెక్‌డ్యాములు కట్టారో, వాటిలో ఎన్ని పూడిపోయాయో మీకు తెలుసు. లోపం ఎక్కడ జరిగింది? చాలాచోట్ల పని వంక నడుమన మొదలుపెట్టారు. వంక నడుమ సిమెంటు పని ఉంటుంది, బిల్లు ఉంటుంది. కొండవాలు మీద రాతికట్టలు, కందకాలు, చెట్లు, పొలం గట్లు అయితే కూలిపని ఎక్కువ, కాంట్రాక్టు తక్కువ. పైన వాలు కట్టకుండా కింద చెక్‌డ్యాము కడితే అది మూడు వర్షాలకు మట్టితొట్టి అవుతుంది. చేప ఎక్కే దారి కూడా పోతుంది. ఉపాధి హామీ పని దినాలు మన చేతిలోనే ఉన్నాయి. గ్రామసభలో పని ఎంపిక చేసుకునేటప్పుడు కొండ నుంచి కిందికి రావాలని పట్టుబట్టాలి.

పోరుమామిళ్ల చెప్పిన పాఠం

మనకు ఈ తెలివి బయటినుంచి రానక్కర్లేదు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. బుక్కరాయల కొడుకు భాస్కర భవదూర వేయించినది. రోజూ వెయ్యి మంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ల పని అని అందులో ఉంది. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను ఆ శాసనం లెక్కపెట్టింది. నీళ్ల శాస్త్రం తెలిసినవాడు, గట్టి నేల, మూడు యోజనాల దూరం నుంచి వచ్చే తియ్యని నీటి ఏరు, లోతూ విశాలమూ ఉన్న గర్భం, పని తెలిసిన మనుషులు అందులో కొన్ని. ఏరు ఎక్కడి నుంచి వస్తుందో చూడకుండా చెరువు కట్టొద్దని ఆరున్నర శతాబ్దాల కిందటే రాయి మీద చెక్కారు.

ఆరు దోషాలు కూడా చెప్పారు. కట్ట కారడం, చౌడు నేల, చెరువు నడుమ మిట్ట, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నీరు ఎక్కువై భూమి తక్కువ కావడం. ఇంకోటి, రెండు రాజ్యాల పొలిమేరలో ఉండటం. తుంగభద్ర రైతులకు ఆ చివరి దోషం అర్థం కావడానికి వ్యాఖ్యానం అక్కర్లేదు.

చేప ఎవరిది, నీళ్లు ఎవరివి

ఇప్పుడు మన ఇంట్లో తగాదా మాట్లాడుకుందాం. చెరువు కింద రైతుకూ, చెరువులో చేపలు పట్టే బెస్త సోదరులకూ ఏటా గొడవే. చేపలు పట్టే కాలానికి నీళ్లు తగ్గాలని వాళ్లకుంటుంది. చివరి తడికి నీళ్లు మిగలాలని మనకుంటుంది. ఇద్దరి మధ్యా లాభపడేది బయటి కాంట్రాక్టరు. సొసైటీ పేరు మీద పెట్టుబడి పెట్టి, తూము రాత్రిపూట ఎత్తించి, మోటార్లు పెట్టి చెరువు అడుగు దాకా తోడి, పిల్ల చేపను కూడా వదలకుండా ఊడ్చుకుపోతాడు. ఆ తర్వాత పశువులకు నీళ్లుండవు, కట్టకింద బావుల్లో ఊట ఉండదు, వచ్చే ఏటికి విత్తనపు చేప ఉండదు.

మరుసటి ఏడాది బొచ్చె, శీలావతి, ఎర్రమోసు పిల్లలు కొని వదులుతారు. 1957లో హీరాలాల్ చౌధురి సూదిమందుతో చేపలకు గుడ్లు పెట్టించే పద్ధతి సాధించాక ఇది సాధ్యమైంది. మంచిదే, ఎంతోమందికి బతుకునిచ్చింది. కానీ ఈ మూడు రకాలు నిలవనీటి చెరువులో తమంతట తాము గుడ్లు పెట్టవు. ఏటా కొనాల్సిందే. వరి విత్తనం, పత్తి విత్తనం మన చేతుల్లోంచి ఎలా పోయిందో చేప విత్తనమూ అలాగే పోయింది. పరిగె, జెల్ల, కొరమీను కొనే పని లేదు. మడుగు ఉంచితే, మరవ వంక తెరిచి ఉంచితే వాటంతట అవే పుడతాయి. దుకాణంలో కొననక్కర్లేని విత్తనం అది. పైగా తిలాపియా, నిషేధంలో ఉన్న ఆఫ్రికా క్యాట్‌ఫిష్ మన చెరువుల్లో చేరితే నాటు రకాలకు చోటుండదు. ఆఫ్రికా రకం పక్క చేపలను తినేస్తుంది. అవి చెరువులోకి రాకుండా చూడటం బెస్త సోదరులకు ఎంత అవసరమో మనకూ అంతే.

మందుల మాట కూడా దాచకూడదు. కేసీ ఆయకట్టులో వరికి కొట్టే మందు మురుగు కాలువ దాటి కుందూలోకే దిగుతుంది. చేపలకు అతి విషమైన ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు ఆపింది. మిగతావన్నీ అమృతం కాదు. పిచికారీ డబ్బా కాలువలో కడగడం, ఖాళీ డబ్బాలు వంకలో పారేయడం మనమే మానుకోవాలి. పట్నాల మురుగు హంద్రిలోకి, కుందూలోకి వదలొద్దని మునిసిపాలిటీలను నిలదీయాలంటే ముందు మన చేతులు శుభ్రంగా ఉండాలి. మందు పోసి, తూటాలు పేల్చి చేపలు పట్టడం 1897 చట్టం నాటి నుంచే నేరం.

క్లామత్ రైతులు చూపిన దారి

మళ్లీ ఒకసారి సాల్మన్ దగ్గరికి పోదాం. అమెరికాలో ఆరిగన్, కాలిఫోర్నియా రాష్ట్రాల మీదుగా పారే క్లామత్ అనే నది ఉంది. ఎగువన రైతులు, దిగువన చేపల మీద బతికే యూరోక్, కారుక్ వంటి ఆదివాసులు. 2001లో కరువొచ్చింది. అంతరించిపోతున్న చేపల కోసమని ప్రభుత్వం ఆయకట్టులో ఎక్కువ భాగానికి నీళ్లు ఆపేసింది. రైతులు రోడ్డెక్కారు. మరుసటి ఏడాది కాలువలకు వదిలారు. 2002 సెప్టెంబరులో దిగువన నీరు తగ్గి, వేడెక్కి, రోగం తగిలి వేల సాల్మన్ చేపలు తేలిపోయాయి. ఒక ఏడాది రైతు ఎండాడు, ఒక ఏడాది చేప చచ్చింది. ఇద్దరూ ఓడిపోయారు.

ఆ తర్వాత కొందరు రైతు నాయకులు, ఆదివాసులు ఏళ్ల తరబడి ఒక బల్ల దగ్గర కూర్చున్నారు. 2010లో ఒప్పందాలు రాసుకున్నారు. వాటిలో నీళ్ల పంపకం ఒప్పందానికి అక్కడి కాంగ్రెసు ఆమోదం దొరక్క 2015 చివరికి అది మురిగిపోయింది. అయినా నది కిందిభాగంలో కరెంటు కోసం కట్టిన నాలుగు పాత డ్యాములను తొలగించే పని ఆగలేదు. 2024లో పూర్తయింది. ఆ ఏడాదే అక్టోబరులో సాల్మన్ ఆరిగన్ వంకల్లోకి మళ్లీ ఎక్కింది. 1912 తర్వాత అదే మొదటిసారి. ఆ నాలుగూ సేద్యానికి నీళ్లిచ్చే డ్యాములు కావు అన్నది మనం గమనించాలి. అక్కడి నీళ్ల తగాదా అంతా తీరిపోయిందనీ చెప్పడం లేదు. ఎండిన ఏడాది ఇప్పటికీ గొడవే. మనం తీసుకోవాల్సింది ఒకటే. చేపా, చేనూ పోట్లాడుకున్నంత కాలం రెండూ నష్టపోయాయి. నీళ్లు ఎంత ఉన్నాయో లెక్క బల్ల మీద పెట్టి మాట్లాడుకున్నప్పుడే దారి కనబడింది.

లెక్క పెట్టడం మనకూ కొత్త కాదు. మన జిల్లాలతో సహా ఏడు కరువు జిల్లాల్లో రైతులే భూగర్భ జలాల నిర్వహణ చేసుకున్న పథకం ఒకటి నడిచింది. ఆరువందలకు పైగా పల్లెల్లో రైతులు వాన కొలిచారు, బావుల్లో నీటి మట్టం కొలిచారు, రబీ ముందు కూర్చుని ఉన్న నీటిని బట్టి ఏ పంట వేయాలో మాట్లాడుకున్నారు. బడికి పోని అక్కలు కూడా నీటి లెక్కలు గోడ మీద రాశారు. ఆ పని మళ్లీ మొదలుపెట్టాలి. ఈసారి బావితో పాటు వంకనూ, మడుగునూ, చేపనూ కొలవాలి.

సంఘం ముందున్న పనులు

మనం ప్రభుత్వాన్ని అడగాల్సినవి:

1. కేసీ కెనాల్ నాలుగు ఆనకట్టల దగ్గర తొలి కొత్తనీరు వచ్చినప్పుడు అడుగు గేట్లు తెరిచే నియమం పెట్టాలి. ఇకపై జరిగే మరమ్మతుల అంచనాల్లో చేపల దారి ఖర్చు చేర్చాలి.
2. పెన్న, కుందూ, పాపఘ్ని, చెయ్యేరులో ఎండాకాలం నీరు నిలిచే మడుగులను గుర్తించి, వాటి చుట్టూ ఇసుక తవ్వకం పూర్తిగా ఆపాలి. వాల్టా నియమాల అమలు మీద గ్రామసభకు లెక్క చెప్పాలి.
3. వాటర్‌షెడ్, ఉపాధి హామీ పనులు కొండవాలు నుంచి మొదలుపెట్టాలి.
4. చెరువుల్లో చేపల హక్కు ఊరి మత్స్యకారులకే దక్కాలి. వారికి బ్యాంకు అప్పు ఇప్పించి బినామీ కాంట్రాక్టులను ఆపాలి.
5. కర్నూలు, నంద్యాల, ప్రొద్దుటూరు లాంటి పట్నాల మురుగును శుద్ధి చేశాకే ఏట్లోకి వదలాలి.

మన శాఖలు తమంతట తాము చేయాల్సినవి:

1. ప్రతి చెరువు కింద రైతులు, మత్స్యకారులు వేసవికి ముందే కూర్చుని, ఎంత మట్టానికి దిగాక తూము మూయాలో రాతపూర్వకంగా నిర్ణయించుకోవాలి. నీరుగంటి దగ్గర ఆ కాగితం ఉండాలి. ఆ మట్టం కింద నీళ్లు పశువులకు, చేపకు, ఊటకు.
2. కొత్తనీరు వచ్చే మొదటి పదిహేను రోజులు మరవ వంకల్లో వల కట్టరాదు. గుడ్లున్న చేపను పట్టడమంటే పొట్ట మీదున్న వరిని కోయడమే.
3. మరవ వంక ఆక్రమణలను ఊరే తొలగించుకోవాలి. అందులో మన సంఘం సభ్యుల ఆక్రమణలుంటే వాటితోనే మొదలుపెట్టాలి.
4. ఊళ్లో అరవై దాటిన పెద్దలను, బెస్త కుటుంబాలను కూర్చోబెట్టి, ఏ మడుగు ఏ నెల దాకా ఉండేది, ఏ చేప దొరికేది, ఎప్పటి నుంచి దొరకడం లేదు అన్నవి రాసుకోవాలి.

ఈ చివరి పనిని చిన్నచూపు చూడొద్దు. అధికారుల ముందు మన మాట నిలవాలంటే కాగితం కావాలి. ఫలానా మడుగు ఏప్రిల్ దాకా నిలిచేది, ఇసుక రీచ్ వచ్చిన రెండో ఏడాదికి జనవరికే ఆరింది, ఆ పట్టున ఇన్ని బోర్లు ఎండాయి అని తేదీలతో పెడితే ఎవరూ తోసిపుచ్చలేరు. ఆ వివరాలు ఊళ్లోనే ఉన్నాయి. అవి తెలిసిన పెద్దలు ఏటా తగ్గిపోతున్నారు.

వచ్చే నెల డివిజన్ సమావేశానికి ప్రతి శాఖ తన ఊరి వంక పటం ఒకటి తేవాలి. చేత్తో గీసినదైనా సరే. వంక ఎక్కడ పుట్టి ఎక్కడ కలుస్తుంది, నడుమ ఎన్ని అడ్డాలున్నాయి, ఎన్ని మడుగులు మిగిలాయి అన్న మూడూ ఉండాలి. అవన్నీ ఒకచోట పెట్టి, సాగునీటి శాఖ దగ్గరికీ మత్స్యశాఖ దగ్గరికీ మత్స్యకార సోదరులతో కలిసే పోదాం. విడివిడిగా పోతే ఒకరిని చూపి ఒకరిని వెనక్కి పంపిస్తారు.

 ప్రశ్నలుంటే అడగండి, తెలిసినవి చెబుతాం.